ఊబకాయం డబ్బున్న ఇళ్ల జబ్బు కదా, మా ఇంటికెందుకు వచ్చింది? తిండి మార్చాలా, ఆటల్లో చేర్చాలా?

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుందాం. మీ బాబుకు తొమ్మిదేళ్లు, ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. మీ జీతం, మీ భార్య కుట్టుపని మీద వచ్చేది కలిపి నెలకు 28 వేలు. ఊబకాయం డబ్బున్నవారి పిల్లలకు వచ్చేదని అనుకుంటూ వచ్చిన మీకు, ఇది మీ ఇంట్లోకి ఎలా వచ్చిందో అంతుబట్టడం లేదు. క్రికెట్ శిక్షణలో చేర్చమని ఒకరు, అన్నం తగ్గించమని ఇంకొకరు చెప్పారు. శిక్షణకు నెలకు 2,500 రూపాయలు. రెండూ చేసే స్తోమత లేదు కనుక ఏది ముందు చేయాలని మీ ప్రశ్న. బడిలో పెట్టే పేర్లు పడలేక బాబు ఏడుస్తున్నాడని కూడా రాశారు.

ఇరవై ఆరేళ్లుగా కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పిల్లల వైద్యుడిగా పనిచేస్తున్నాను. మొదటి పన్నెండేళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆ తరువాత సొంత క్లినిక్‌లో. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను: ఆ 2,500 రూపాయలను ముందు వంటింట్లో పెట్టండి. ఆటను డబ్బు ఖర్చు లేకుండా రోజూ ఒక గంట జరిగేలా చూడండి. బరువు పెరగడానికి ప్రధాన కారణం తిండే. ఆట అవసరమే, కానీ దాని పని వేరు. దాన్ని గురించి కింద వివరంగా రాస్తాను. మీ రాబడి తక్కువగా ఉండటం ఈ జబ్బుకు అడ్డు కాలేదు సరికదా, ఇప్పటి ధరల్లో మీలాంటి రాబడి ఉన్న ఇళ్లకే ఇది ఎక్కువగా దారి చేసుకుంటున్నదని నాకు అనిపిస్తోంది.

ముందు లెక్క సరిచూసుకుందాం. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ, ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూపే కొలత. మీ బాబుకు అది 24 దాటింది. పెద్దవాళ్ల కొలతతో చూస్తే ఇది కొంచెమే ఎక్కువ అనిపిస్తుంది, అందుకే చాలామంది తండ్రులు ఇంటర్నెట్‌లో లెక్క చూసుకుని నిశ్చింతగా ఉండిపోతారు. పిల్లలకు వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి గీతలు మారతాయి. భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసం విడుదల చేసిన పట్టికలో చూస్తే మీ బాబు ఊబకాయం గీతను దాటే ఉన్నాడు. ఇంట్లోనే చూసుకోగలిగిన ఇంకో గుర్తు చెబుతాను: బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదు, అంటే మీ బాబుకు 66 సెంటీమీటర్లు. మెడ వెనుక, చంకల్లో మురికిలా నల్లగా మందంగా ఉండి రుద్దినా పోకపోతే అది మురికి కాదు, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది ఆ నలుపును సున్నిపిండితో, నిమ్మచెక్కతో నెలల తరబడి రుద్ది రుద్ది, పిల్లవాడి చర్మం ఒలిచిన తరువాత వస్తారు. మీరు ఒకసారి వెలుతురులో చూడండి.

ఇక డబ్బు సంగతి. మీరు అనుకున్నదాంట్లో పాత నిజం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2000 ప్రాంతంలో, లావుగా ఉన్న పిల్లవాడు వచ్చాడంటే వాళ్లకు కారు ఉందని అర్థం. ఇప్పటికీ దేశం మొత్తం మీద లెక్క తీస్తే కలిగిన ఇళ్లలోనే అధిక బరువు పిల్లలు ఎక్కువ. 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు దాదాపు 4 శాతం, బక్కపలచగా ఉన్నవారు 20 శాతం పైన. బక్కపిల్లల దేశంలో లావు పిల్లల గురించి మాట్లాడటం ఒకప్పుడు విలాసంగా కనిపించేది. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం ఉంటే 2019-21 నాటికి 3.4 శాతం అయింది. మిగతా ప్రపంచంలో ఈ మార్పు ఇంకా ముందుకు వెళ్లిపోయింది. బడి వయసు పిల్లల్లో తక్కువ బరువున్న వారికన్నా ఊబకాయం ఉన్నవారే ఎక్కువయ్యారని 2025లో యునిసెఫ్ ప్రకటించింది.

ఇంగ్లండులో ప్రభుత్వ బడుల్లో చేరే ఏడాదీ, ప్రాథమిక విద్య ముగిసే ఏడాదీ ప్రతి పిల్లవాడి ఎత్తూ బరువూ కొలుస్తారు. ఆ లెక్కల్లో ఏటా కనబడేదేమంటే, పేద ప్రాంతాల పిల్లల్లో ఊబకాయం సంపన్న ప్రాంతాల పిల్లలకు రెండింతలకు పైగా ఉంటుంది. అంటే అక్కడ ఇది పేదల జబ్బు. మనం కలిగినవారి జబ్బుకూ పేదల జబ్బుకూ మధ్యలో ఉన్నాం. డబ్బు అసలు లేనప్పుడు పిల్లవాడు బక్కచిక్కుతాడు, బాగా ఉండి తెలివి తోడైనప్పుడు కొంతవరకు తప్పించుకుంటాడు, నడుమ ఉన్నవాళ్లే ఇరుక్కుంటున్నారు. ఎందుకంటే రాబడి కొంచెం పెరగగానే ముందుగా చేతికి అందేవి నూనె, పంచదార, మైదా, ప్యాకెట్లు. గుడ్లు, పప్పులు, పళ్లు, కూరగాయలు, ఆడుకునే జాగా, ఇంట్లో వండిపెట్టే మనిషికి తీరిక, ఇవన్నీ చాలా ఆలస్యంగా అందుతాయి. కొన్ని ఇళ్లకు ఎప్పటికీ అందవు.

అయిదు రూపాయల నోటు పట్టుకుని మీ వీధి చివరి కొట్టుకు వెళ్లి చూడండి. దానితో ఒక బిస్కెట్ ప్యాకెట్ వస్తుంది, కానీ కోడిగుడ్డు రాదు, జామకాయ కూడా రాదు. కడుపు నింపడానికి అతి చౌకైన వస్తువులు ఏవో కొట్టువాడికి తెలిసినంతగా మన సలహాలు రాసేవాళ్లకు తెలియదు. 2025 సెప్టెంబరులో మారిన జీఎస్టీలో తీపి కలిపిన కూల్‌డ్రింకుల మీద పన్ను 40 శాతం చేశారు, అది మంచిదే. అదే సవరణలో బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్లలో అమ్మే కారప్పూస వంటి వాటిని 5 శాతానికి దించారు. సామాన్యుడికి ఊరటనే ఉద్దేశం కావచ్చు, కానీ పిల్లల వైద్యుడిగా నాకు ఆ రెండో భాగం బాధ కలిగించింది. మెక్సికోలో 2014 జనవరి నుంచి తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసినప్పుడు కొనుగోళ్లు ఎక్కువగా తగ్గింది పేద ఇళ్లలోనే. ధర పేదవాడి తిండిని ఎంత బలంగా మలుస్తుందో చెప్పడానికి అది చాలు.

తిండి దగ్గరకు వద్దాం. మీ బాబు రోజూ తినేది మీరు రాసినందుకు కృతజ్ఞతలు, చాలామంది దాన్ని దాస్తారు. ఉదయం పాలలో రెండు చెంచాల పంచదార, బలం పొడి. ఇడ్లీ లేదా దోసె. క్యారేజీలో పులిహోరో టమాటా అన్నమో, పక్కన బంగాళదుంప వేపుడు. సాయంత్రం ట్యూషన్‌కు వెళ్తూ బిస్కెట్లు లేదా చిప్స్. ఎనిమిదింటికి వచ్చాక అన్నం, వారానికి రెండుసార్లు బండి మీద ఫ్రైడ్ రైస్. పడుకునే ముందు మళ్లీ పంచదార పాలు. ఆదివారం బిర్యానీతో కూల్‌డ్రింకు.

ఇందులో పిల్లవాడు అతిగా తింటున్నాడని నాకు అనిపించలేదు. మీ బంధువులు "తిండిపోతు" అన్నారని రాశారు, ఆ మాట అన్యాయం. ఇక్కడ ఉన్న చిక్కు వేరు. ఈ రోజంతటిలో అన్నం ఉంది, పిండి ఉంది, నూనె ఉంది, తీపి ఉంది. పప్పు, గుడ్డు, ఆకుకూర మచ్చుకైనా లేవు. మాంసకృత్తులు, పీచు తక్కువగా ఉన్న తిండి కడుపులో నిలవదు. రెండు గంటలు తిరగకముందే ఆకలి వేస్తుంది, అది నిజమైన ఆకలే, ఆ ఆకలికి మళ్లీ అందేది బిస్కెట్టే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవాళ్లలో ఒక మనిషికి రోజుకు 2,000 కేలరీల పళ్లెం ఎలా ఉండాలో చెప్పారు. అందులో ధాన్యం 250 గ్రాములైతే కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన ఇళ్లలో ధాన్యం ఈ లెక్కను దాటిపోతుంది, కూర అందులో సగం కూడా ఉండదు, నూనె రెట్టింపు ఉంటుంది. మీ ముగ్గురికి నెలకు ఎంత నూనె కొంటున్నారో ఒకసారి చూసుకోండి. రెండున్నర కిలోలు దాటితే ఎక్కువే.

పాలలో కలిపే పొడి గురించి గట్టిగా చెప్పాలి. అది బలం కోసమని, ఎత్తు కోసమని ఎంతో ప్రేమతో ఇస్తున్నారు. ఆ డబ్బా కొనడానికి మీరు ఇంకేదో మానుకుంటున్నారని కూడా నాకు తెలుసు. అటువంటి చాలా పొడుల్లో పంచదారదే పెద్ద వాటా. వాటిని "హెల్త్ డ్రింక్స్" అనే వర్గంలో చూపించవద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. రెండు గ్లాసులకు మీరు వేసే పంచదారే 20 గ్రాములు. కలిపిన తీపి మొత్తం శక్తిలో 5 శాతంలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మీ బాబు వయసుకు అది రోజుకు సుమారు 20 గ్రాములు. అంటే బిస్కెట్ ముట్టుకోకముందే, పొడిలోని తీపిని లెక్కలోకి తీసుకోకముందే ఆ రోజు వంతు అయిపోయింది. ఆదివారం తాగే 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఇంకో 25 గ్రాములకు పైగా ఉంటుంది. తాగిన తీపికి కడుపు నిండిన భావన రాదు, అందుకే తినే తీపికన్నా తాగే తీపి చేటు.

మీరు రాసిన ఇంకో సంగతి నా దృష్టిలో ముఖ్యమైనది. బాబు పుట్టినప్పుడు 2.2 కిలోలే ఉన్నాడని, బక్కగా ఉన్నాడని మొదటి రెండేళ్లు నెయ్యి, పంచదార కలిపి కొసరి కొసరి తినిపించామని రాశారు. ఇందులో మీ తప్పు ఏమీ లేదు, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఏ అమ్మమ్మ అయినా అలాగే సాకుతుంది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసిన పరిశీలనలో మన పిల్లలు ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలకన్నా బాగా తక్కువ బరువుతో, సగటున 2.7 కిలోలతో పుట్టినా, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని తేలింది; తగ్గింది కండ. అంతకుముందు నెదర్లాండ్స్‌లో 1944-45 కరువు కాలంలో కడుపులో ఉండి, ఆ గర్భం తొలి సగంలో తల్లి పస్తులున్న పిల్లలు 19 ఏళ్ల వయసుకు ఎక్కువ ఊబకాయం పాలయ్యారు. కడుపులో కొరతకు అలవాటుపడిన ఒళ్లు, పుట్టాక తేలికగా వచ్చే శక్తిని కొవ్వుగా దాచుకుంటుంది. పేదరికం బిడ్డకు పుట్టకముందే ఇచ్చే వారసత్వం ఇది. మన దగ్గర కూడా 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి, ఆ పిల్లలు యుక్తవయసుకు వచ్చాక పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగ్గా కనిపించింది. కడుపుతో ఉన్న తల్లికి పెట్టే మంచి తిండి కూడా ఊబకాయానికి మందేనని నేను నమ్ముతాను.

ఆటల విషయంలో చాలామంది పొరపాటు పడుతున్నారు. ఎంత తిన్నా ఆడితే కరిగిపోతుందన్నది ఆ పొరపాటు. మీ బాబు వయసు పిల్లవాడు అరగంట చురుగ్గా నడిస్తే సుమారు వంద కేలరీలు ఖర్చవుతాయి. పది రూపాయల చిప్స్ ప్యాకెట్ ఆ మొత్తాన్ని రెండు నిమిషాల్లో తిరిగి ఇచ్చేస్తుంది. ఈక్వెడార్‌లోని అమెజాన్ ప్రాంతంలో షువార్ అనే తెగ పిల్లల మీద 2021లో వెలువడిన ఒక పరిశోధన నన్ను ఆలోచింపజేసింది. పల్లెల్లో పాత పద్ధతిలో బతికే పిల్లలకూ, పట్టణానికి దగ్గరగా బజారు తిండి తినే పిల్లలకూ రోజుకు ఖర్చయ్యే మొత్తం శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నది ఆ ఖర్చును బట్టి మారలేదు, తిండిని బట్టి మారింది.

అయితే ఆట ఎందుకు? కండ పెరగడానికి, ఇన్సులిన్ బాగా పనిచేయడానికి, ఎముక గట్టిపడటానికి, నిద్ర పట్టడానికి, మనసు తేలికపడటానికి, తగ్గిన బరువు మళ్లీ ఎక్కకుండా ఉండటానికి. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఆడే పిల్లవాడి ఆరోగ్యం ఆడని పిల్లవాడికన్నా మేలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. క్రికెట్ శిక్షణలో వారానికి మూడు రోజులు, అందులోనూ సగం సేపు వరుసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూడటమే. దానికన్నా రోజూ సాయంత్రం గంటసేపు వీధి పిల్లలతో కబడ్డీ, ఏడుపెంకులాట, పరుగుపందెం ఎక్కువ పని చేస్తాయి.

ఇక్కడ కూడా డబ్బు అడ్డుపడుతుందని నాకు తెలుసు. విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసింది, అయినా మన పట్టణాల్లో అపార్ట్‌మెంట్ భవనాల్లో, కింద కొట్లు ఉన్న మేడల మీద బడులు నడుస్తున్నాయి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పీఈటీ పిరియడ్‌ను లెక్కల పిరియడ్‌గా మారుస్తున్నారు. కలిగినవాళ్లు క్లబ్బుకు పంపుతారు, పల్లెలో పొలం గట్టు ఉంది, పట్టణంలో అద్దె ఇంటి పిల్లవాడికి ఏదీ లేదు. అందుకే మీ ఇంటి దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాల మైదానం సాయంత్రం తెరిచి ఉంటుందేమో కనుక్కోండి. అదీ లేకపోతే ట్యూషన్‌కు ఆటోలో కాకుండా నడిచి వెళ్లనివ్వండి, మీరో మీ భార్యో తోడు నడవండి. మేడ మీద తాడాట ఆడినా చాలు. ట్యూషన్ ఒక గంట తగ్గించగలిగితే నేను ఇంకా సంతోషిస్తాను.

నేను చూసిన ముగ్గురు పిల్లల గురించి చెబితే ఇవన్నీ ఎలా కలుస్తాయో తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక పాపకు పదకొండేళ్లు, 51 కిలోలు. తల్లిదండ్రులు సాయంత్రం టిఫిన్ బండి పెడతారు. పాపను ఇంట్లో ఒంటరిగా వదలలేక బండి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవారు. నాలుగు నుంచి తొమ్మిది వరకు అక్కడే హోంవర్కు, చేతికందినంతలో పునుగులు, మిగిలిపోయిన బజ్జీలు. నేను ఆమెకు ఏ డైట్ చార్టూ ఇవ్వలేదు. బండి దగ్గరే ఒక గిన్నెలో ఉడికించిన శనగలు, కీర ముక్కలు పెట్టమన్నాను, సాయంత్రాలు పక్క వీధిలో ఉన్న అమ్మమ్మ ఇంటికి పంపమన్నాను. అక్కడ ఆమె ఈడు పిల్లలు నలుగురు ఉన్నారు. పద్నాలుగు నెలల్లో పాప ఏడు సెంటీమీటర్లు పెరిగింది, బరువు ఒక కిలో పెరిగింది. అంతకన్నా మంచి ఫలితాన్ని నేను కోరుకోను.

రెండో పిల్లవాడిది సంపన్న కుటుంబం. ఈతకు, బ్యాడ్మింటన్‌కు నెలకు పది వేలకు పైగా ఖర్చుపెట్టారు. ఈత అయిపోగానే అలిసిపోయాడని ప్రతిసారీ మిల్క్‌షేక్ ఇప్పించేవారు. రెండేళ్లు ఈదినా బరువు పెరుగుతూనే పోయింది. మిల్క్‌షేక్ స్థానంలో మజ్జిగ, వేయించిన వేరుశనగలు పెట్టిన తరువాత ఆ ఈతకు ఫలితం కనబడింది.

మూడో పిల్లవాడు నాకు ఇప్పటికీ గుర్తుకువచ్చి బాధపెడతాడు. తండ్రి ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, సెల్లార్‌లో ఒకే గది. ఆవరణలో ఆడుకుంటే ఫ్లాట్లవాళ్లు ఊరుకునేవారు కాదు. పైవాళ్ల ఇళ్లలో పుట్టినరోజులప్పుడు మిగిలిన కేకులు, బిర్యానీ, సగం తాగిన పెద్ద సీసాలు కిందికి వచ్చేవి. తల్లి వాటిని పారేయలేకపోయేది, పస్తులు చూసిన మనిషి తిండిని ఎలా పారేస్తుంది? పదేళ్ల వయసులో వాడు వచ్చినప్పుడు నేను ఒక కాగితం మీద తినవలసినవి, తినకూడనివి రాసిచ్చి పంపాను. ఆ గదిలో ఆ కాగితం ఎలా పనికొస్తుందో నేను ఆలోచించలేదు. పద్నాలుగేళ్లకు మళ్లీ వచ్చాడు, అప్పటికి రక్తంలో చక్కెర హద్దు దాటి ఉంది. ఆ తరువాత నుంచి నేను ఏ సలహా ఇచ్చినా ముందు ఇంటి సంగతి, వంట ఎవరు చేస్తారన్నది, నెల ఖర్చు అడుగుతున్నాను. మీకు కూడా అందుకే రాబడి గురించి ఇంతగా పట్టించుకుని రాస్తున్నాను.

ఇప్పుడు మీ 2,500 లెక్క. ముగ్గురికీ రోజుకొక గుడ్డు చొప్పున, గుడ్డు ఏడు రూపాయలనుకున్నా నెలకు 630. అదనంగా రెండు కిలోల కందిపప్పు, రెండు కిలోల పెసలో శనగలో కలిపి సుమారు 500. రోజుకు ఒక ముప్పై రూపాయల ఆకుకూర, కూరగాయలు అదనంగా కొంటే 900. బలం పొడి, బిస్కెట్లు, చిప్స్, ఆదివారం సీసా ఆపేస్తే మిగిలే డబ్బుతో అరటిపండ్లో జామకాయలో వస్తాయి. మార్పు పిల్లవాడి ఒక్కడి కంచంలో చేయవద్దు, ఇంటిల్లిపాదీ అదే తినండి. తండ్రి చిప్స్ తింటూ కొడుకును కీర ముక్కలు తినమంటే అది శిక్ష అవుతుంది, వైద్యం కాదు.

కంచంలో ముందు కూర, పప్పు వడ్డించి ఆ తరువాత అన్నం పెట్టండి. అన్నం మాన్పించవద్దు, ఇప్పుడు పెట్టేదానిలో మూడో వంతు తగ్గించి, ఆ చోటు పప్పుతో, తోటకూరతో, సొరకాయతో నింపండి. క్యారేజీలో పులిహోర రోజుల్లో ఉడికించిన గుడ్డు తోడు పెట్టండి. సాయంత్రానికి గుగ్గిళ్లు, మొలకెత్తిన పెసలు, మరమరాల్లో ఉల్లిపాయ టమాటా, ఏదైనా ఫరవాలేదు, కానీ అది ట్యూషన్‌కు బయలుదేరేముందే కడుపులో పడాలి. ఖాళీ కడుపుతో కొట్టు ముందు నుంచి నడిచే పిల్లవాడికి నిగ్రహం గురించి చెప్పడం వృథా. పాలు మానవద్దు, పంచదార మానండి. ఒక్కసారిగా కాకుండా వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే గోల చేయడు. ఫ్రైడ్ రైస్ వారానికి రెండు నుంచి రెండు వారాలకు ఒకసారికి తీసుకురండి. పూర్తిగా నిషేధించిన తిండిని పిల్లలు దొంగచాటుగా తింటారు.

నిద్ర గురించి ఎవరూ అడగరు, కానీ 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మీ బాబు పదకొండింటికి పడుకుని ఆరింటికి లేస్తున్నాడు. తక్కువ నిద్రపోయిన పిల్లవాడికి మర్నాడు ఆకలి, అందులోనూ తీపి మీద కోరిక పెరుగుతాయి. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టించండి, ఎంత తిన్నాడో వాడికే తెలుస్తుంది.

ఎంత తగ్గాలి అని అడిగారు. ఈ వయసులో బరువు తగ్గించనవసరం లేదు, పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు తన పని తాను చేస్తుంది. ఏడాదికి ఆరు సెంటీమీటర్ల చొప్పున పెరిగి, 42 కిలోల దగ్గరే నిలిస్తే బీఎంఐ ఏడాదికి 22, రెండేళ్లకు 20 ప్రాంతానికి వస్తుంది. ఇంత నెమ్మదిగా ఉంటుందని ముందే తెలిస్తే నిరాశపడరు. పస్తులు, నిమ్మరసం తేనె, కొవ్వు కరిగించే పొడులు, ఇంటర్నెట్‌లో చూసి పిల్లలకు అన్నం పూర్తిగా మాన్పించే పద్ధతులు, వీటి జోలికి దయచేసి వెళ్లవద్దు. ఎత్తు ఆగిపోయిన పిల్లలను నేను చూశాను.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఇంటి మార్పులతో ఆగకుండా వైద్యుడిని కలవాలి. ఊబకాయం ఉన్న పిల్లలు సాధారణంగా తమ ఈడువారికన్నా కొంచెం పొడుగ్గా ఉంటారు. లావుగా ఉండి పొట్టిగా, ఎత్తు పెరగకుండా ఉంటే థైరాయిడ్ వంటి గ్రంథుల లోపం చూడాలి. ఉబ్బసానికో మరోదానికో స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడుతున్నా చెప్పాలి. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటడం, మాటిమాటికీ తలనొప్పి, అతిగా దాహం, ఇవి ఆలస్యం చేయకూడనివి. మీ బాబు విషయంలో మెడ నలుపు ఉన్నా లేకపోయినా ఒకసారి రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వులు, కాలేయ పరీక్ష చేయించడం మంచిది. ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఇవి ఉచితంగా జరుగుతాయి.

బడిలో పెట్టే పేర్ల గురించి. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. ఎగతాళి వల్ల ఏ పిల్లవాడూ సన్నబడలేదు. పీఈటీ పిరియడ్‌లో మూల కూర్చోవడం నేర్చుకుంటాడు, ఇంటికొచ్చి ఒంటరిగా తింటాడు. తరగతి టీచరును కలిసి నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. బంధువుల ముందు బాబు బరువు మాట ఎత్తవద్దు, ఎవరైనా ఎత్తితే వాడు వినేటట్లుగా మీరే ఆపండి. తన తండ్రి తన పక్షాన ఉన్నాడని వాడికి తెలియాలి. వారం వారం తూకం వేయవద్దు, మూడు నెలలకు ఒకసారి ఎత్తూ బరువూ చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. మొదటి మూడు నెలల్లో బరువు 42 నుంచి 43 మధ్య ఉండి, ఎత్తు సెంటీమీటరో సెంటీమీటరున్నరో పెరిగితే దారిలో ఉన్నట్టే. అలా కాకుండా రెండు మూడు కిలోలు ఎక్కితే, ఆ వారం తిన్నవన్నీ ఇప్పుడు రాసినట్లే మళ్లీ దాపరికం లేకుండా రాయండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెబుతాను.